ఎడమ సీటు

ఆగస్టు 8, ఆదివారం, ఉదయం ఏడు గంటల రెండు నిమిషాలకు బాలానగర్‌లోని ఒక గ్యారేజీలో, ఆగి ఉన్న నారింజ రంగు కారు యాక్సిలరేటర్ పెడల్ దానంతటదే కిందికి దిగింది. డ్రైవింగ్ సీటులో మెకానిక్ ఖాజా మొయినుద్దీన్ ఉన్నాడు. అతను తలుపు తీసి, సీటులో పక్కకు తిరిగి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. అతని రెండు కాళ్లూ కారు బయట ఉన్నాయి. కారు యజమాని బైరి వినీల్ చనిపోయి అప్పటికి పదిన్నర నెలలు.

పెడల్ మూడుసార్లు కదిలింది. వెంటవెంటనే రెండుసార్లు. కొంచెం ఆగి, ఇంకోసారి.

ఖాజా ఇంజన్ ఆపి దిగాడు. టైర్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎదురుగా కెమెరా పట్టుకుని ఉన్న కాశీనాథ్ ఏమైందని అడిగాడు.

"గట్ల రేసిచ్చేటోడు పట్నంల ఒక్కడే ఉండె," అన్నాడు ఖాజా.

వినీల్ 'ఆరో గేరు' అనే యూట్యూబ్ చానల్ నడిపేవాడు. పద్నాలుగు లక్షల మంది చందాదారులు. ఆ కారు ఇటలీలో తయారైంది. పది సిలిండర్ల ఇంజన్. వరదలో మునిగితే బీమా కంపెనీ వేలం వేసింది, వినీల్ కొన్నాడు. పద్నాలుగు నెలలు పట్టింది బాగుచేయడానికి. ఖాజా దాని ఇంజన్ విప్పి, బలం పెంచే రెండు టర్బోలు పెట్టాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసేసి చేత్తో మార్చే గేర్లు పెట్టాడు. సైలెన్సర్ పైపులు గ్యారేజీలోనే వంచి వెల్డింగ్ చేశాడు. ప్రతి మెట్టూ కాశీనాథ్ తీసిన వీడియోల్లో ఉంది.

కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ వీడియోల కింద రెండు జట్లుగా విడిపోయారు. ఇటలీ వాడు చేసిన దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాల్సింది, బాలానగర్ పైపు పెట్టి పాడు చేశారు అని ఒక జట్టు. మ్యూజియంలో పెట్టుకునేవాళ్లకు ఒరిజినల్ కావాలి, నడిపేవాడికి ఖాజా భాయ్ కావాలి అని ఇంకో జట్టు. విజయవాడలో ఇంకో కారు చానల్ నడిపే అతను మూడో మాట అన్నాడు. అనంతగిరి ఘాట్‌ను, అనుమతితో రోడ్డు మూసిన ఒక ఉదయం, వినీల్ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లలో ఎక్కిన వీడియో ఉంది. దాన్ని ఎడిటింగ్‌లో వేగం పెంచి చూపించారని అతను ఒక వీడియో చేశాడు. ఆ వీడియో వచ్చిన మూడో వారంలో వినీల్‌కు జ్వరం వచ్చింది. చూసేవాళ్లలో చాలామంది అతను ఏదో ఒకరోజు ఆ కారులోనే పోతాడని రాసేవారు. అతను డెంగీతో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి సెప్టెంబరు 19న చనిపోయాడు. వయసు ముప్పై నాలుగు.

జవాబు చెప్పే మనిషి లేడు. వీడియో తీసింది కాశీనాథ్ కాబట్టి అబద్ధాలకోరు అన్న మాట అతని మీద ఉండిపోయింది.

కార్ల వాళ్లకు ఒక అలవాటు ఉంది. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ పొద్దున స్టార్ట్ అయినప్పుడు వచ్చే మొదటి చప్పుడును వాళ్లు విడిగా వింటారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. వినీల్ పోయాక అక్టోబరు మొదటి ఆదివారం కాశీనాథ్, ఖాజా కలిసి కారు స్టార్ట్ చేసి ఆ చప్పుడు చానల్‌లో పెట్టారు. 'అన్న కోసం' అని పేరు పెట్టారు. రెండు లక్షల మంది విన్నారు. మళ్లీ ఆదివారం పెట్టమన్నారు. ఆగస్టు 8 నలభై అయిదో ఆదివారం.

ముందురోజు ఖాజా కారు బ్యాటరీ మార్చాడు. పెడల్ కదిలాక సీటు కింద వెతికితే రెండు వేళ్ల మందం ఉన్న పెట్టె ఒకటి కనపడింది. అందులోంచి తీగలు పెడళ్లకు, స్టీరింగ్‌కు, గేర్లకు, తలుపు లాకులకు, స్టార్టర్‌కు వెళ్లాయి. తాను పెట్టినవి కావు. డాష్‌బోర్డు అరలో సర్వీసు కాగితాల మధ్య ఇంగ్లిషులో ఒక అగ్రిమెంటు ఉంది. ఆ కాగితం ఖాజా ఇంతకు ముందూ చూశాడు. ఇన్సూరెన్స్‌ది అనుకుని, తుడిచి, జాగ్రత్తగా అక్కడే పెట్టాడు.

కాగితం మీద ఉన్న ఫోన్ నంబరు డాక్టర్ కల్వ మృదులది. ఆమె నగరం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధకురాలు. సోమవారం మధ్యాహ్నం గ్యారేజీకి వచ్చింది. లాప్‌టాప్ తీగ పెట్టెకు తగిలించి గంటసేపు చూసింది. ఎన్నిసార్లు స్టార్ట్ చేశారని అడిగింది. కాశీనాథ్ చెప్పాడు. ఆమె లాప్‌టాప్ మూసింది.

పెట్టెలో ఉన్నది చిప్పు కాదని తర్వాత చెప్పింది. ప్రయోగశాలలో పెంచిన నరాల కణాల పొర. నడిపే మనిషి చేతులు, కాళ్లు ఏం చేస్తే అది నేర్చుకుంటుంది. రోజూ చేసింది బలంగా ఉంటుంది, చేయనిది చెరిగిపోతుంది. నకలు తీయడం కుదరదు. కరెంటు పూర్తిగా పోయి మళ్లీ వస్తే నేర్చుకోవడం ఆపి, నేర్చుకున్నది చేసి చూపిస్తుంది. బ్యాటరీ మార్చినప్పుడు జరిగింది అదే. పరీక్షించడానికి కాలేజీ కారు ఇవ్వలేదు. వినీల్ తన కారులో పెట్టుకోమన్నాడు. వేరే ఎవరూ ఆ కారు తాళం తిప్పకూడదన్నది ఒక్కటే షరతు. అది అగ్రిమెంటులో రెండో పేజీలో ఉంది.

"వేరే మనిషి తాళం తిప్పిన ప్రతిసారీ అది కొత్త మనిషి దగ్గర పాఠం మొదలుపెడుతుంది," అంది మృదుల. "నలభై అయిదు వారాలుగా మీ పాఠమే నేర్చుకుంది. స్టార్ట్ చేయడం, ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా రేస్ ఇవ్వడం, ఆపేయడం."

"నా చేతుల్తోనే పోగొట్టిన్నా?" అన్నాడు ఖాజా.

తప్పు తనదని మృదుల అంది. మనిషి పోయినట్టు పేపర్లో చూసింది. కాలేజీకి చెప్పకుండా పెట్టిన పెట్టె. ఇంటివాళ్లకు చెబితే బయటికి వస్తుందని ఊరుకుంది. కారు మూలన పడి ఉంటుందనుకుంది. ఆదివారాల సంగతి ఆమెకు తెలియదు. ఆమె కార్ల వీడియోలు చూడదు.

ఎంత మిగిలిందని కాశీనాథ్ అడిగాడు. ఒకసారి నడపడానికి సరిపోవచ్చు, అదీ ఎంత దూరమో చెప్పలేను అంది. చేసి చూపించిన భాగం ఆ తర్వాత దాదాపు మిగలదు.

కాశీనాథ్ అదే రోజు సాయంత్రం అనంతగిరిలో మళ్లీ రోడ్డు మూయించడానికి దరఖాస్తు పెట్టాడు.

కారు వినీల్ భార్య సౌజన్య పేరు మీద ఉంది. ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ నడక నేర్పుతుంది. యాప్రాల్‌లో కొండవాలు మీద ఉన్న కాలనీలో రెండంతస్తుల ఇల్లు. కింద అత్తగారు, పైన సౌజన్య, మూడేళ్ల కూతురు హంసిక. బుధవారం ముగ్గురూ ఆమె ఇంటికి వెళ్లారు.

మృదుల పెట్టె గురించి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో సౌజన్య ఆపింది.

"మనిషి మర్చిపోతడు, కాలు మర్చిపోదు. అంతే కదా."

అంతేనని మృదుల అంది.

ఘాట్‌లో నాలుగు వందల మంది ముందు, లైవ్ కెమెరాల ముందు కారు అదే నాలుగు నిమిషాల్లో ఎక్కితే వినీల్ మీద పడ్డ మచ్చ పోతుందని కాశీనాథ్ చెప్పాడు. తన మీద పడ్డది కూడా అని దాచకుండా చెప్పాడు. కారును లారీ మీద ఘాట్ దాకా తీసుకుపోయి అక్కడినుంచి నడపవచ్చా అని అడిగాడు. కుదరదని మృదుల అంది. పెట్టెకు మధ్యలోంచి మొదలుపెట్టడం రాదు, గ్యారేజీలో లాగా ఒక ముక్క చేసి ఆగిపోతుంది. వినీల్ ఎక్కడ తాళం తిప్పేవాడో అక్కడే తిప్పాలి. అంటే ఈ ఇంటి గేటు లోపల.

సౌజన్య ఆ కారులో ఎన్నడూ కూర్చోలేదు. అందులో ఉన్నవి రెండే సీట్లు. ఎడమ సీటు కాశీనాథ్‌ది, అతని కెమెరాది. శనివారం సాయంత్రాలు, ఆరిన బట్టలు మడతపెట్టే వేళ, రేపు వస్తవా అని వినీల్ అడిగేవాడు. వచ్చే వారం చూద్దాం అని ఆమె అనేది. మొదట కడుపుతో ఉంది. తర్వాత పసిపిల్ల. తర్వాత కారణం చెప్పడం మానేసింది. అడగడం అతను మానలేదు. పాపను చూసుకునేవాళ్లు లేక కాదు, అత్తగారు కిందనే ఉండేది.

"నాకొక్కటే కావాలె," అంది సౌజన్య. "ఎడమ సీట్ల నేను కూసుంట."

కాశీనాథ్ టీ గ్లాసు కింద పెట్టాడు. కెమెరా బిగించి వదిలేస్తే మళ్లీ ఎడిటింగ్ అంటారని, గడియారం చూపిస్తూ మనిషి ఉండాలని అన్నాడు. ఆమె కాళ్లు చాపుకోవడానికి కూడా చోటుండదని, మలుపుల్లో కడుపులో తిప్పుతుందని అన్నాడు.

"వదినా, వాళ్లు ఇంకా మమ్మల్ని దొంగలంటున్నరు," అన్నాడు చివరికి.

"కెమెరా నాకియ్యి. గడియారం నేను పట్టుకుంట. నీ సీటు అరవైసార్లో డెబ్భైసార్లో నీదే ఉండె కాశీ. ఒక్కసారి నాకియ్యి."

అతను సరే అన్నాడు.

వెళ్లేముందు ఆమె ఖాజాను ఒక సంగతి అడిగింది. కొత్త సైలెన్సర్ పెట్టి కారు తెచ్చిన మొదటి రోజు పాప ఉలిక్కిపడి లేచింది. లేపినోడే పండబెట్టాలె అని ఆమె వినీల్‌తో అంది. అంతే అంది. ఆ తర్వాత ఆదివారం పొద్దున్నే అతను ఎప్పుడు వెళ్లేవాడో ఆమెకు వినపడలేదు. పాప లేవలేదు. తక్కువ వేగంలో చప్పుడు తగ్గించే వాల్వు ఏదో నువ్వు పెట్టి ఉంటావు, అది ఇప్పుడు పనిచేస్తుందా అని అడిగింది.

"వాల్వా? నేనేం వాల్వు పెట్టలే చెల్లె," అన్నాడు ఖాజా. "ఆ పైపుల వాల్వుకు జాగనే లేదు."

ఆగస్టు 22, ఆదివారం. కారు ముందురోజే లారీ మీద యాప్రాల్ వచ్చింది. గేటు లోపల, మూతి వీధి వైపు పెట్టి నిలిపారు. వినీల్ అలాగే నిలిపేవాడు. వీధి గేటు దగ్గరినుంచి మెయిన్‌రోడ్డు దాకా కిందికి వాలుగా ఉంటుంది. 260 మీటర్లు. చివర పెట్రోలు బంకు. కాశీనాథ్ ఎప్పుడూ అక్కడే ఎక్కేవాడు కాబట్టి ఆ రోజూ అక్కడే నిలబడ్డాడు, ఇంకో కెమెరాతో. మృదుల లాప్‌టాప్‌తో స్కూటర్ మీద వెనకాల ఉంది. చానల్ లైవ్‌లో లక్షా పదివేల మంది ఉన్నారు. అనంతగిరిలో రోడ్డు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మూయడానికి అనుమతి వచ్చింది. అక్కడ ముందే జనం చేరారు.

ఖాజా డ్రైవింగ్ సీటులో కూర్చున్నాడు. తాళం తిప్పడం, అవసరమైతే ఎర్ర స్విచ్ నొక్కి పెట్టెను ఆపేయడం అతని పని. సౌజన్య ఎడమవైపు నుంచి ఎక్కింది. బెల్టు కాశీనాథ్ కొలతకు ఉంది, బిగించుకుంది. ఒక చేతిలో కెమెరా, ఒక చేతిలో స్టాప్‌వాచ్. హంసిక పైన నిద్రపోతోంది.

5.41కి ఖాజా తాళం తిప్పాడు. డాష్‌బోర్డులో లైట్లు వెలిగాయి. ఇంజన్ స్టార్ట్ కాలేదు. ఈసారి స్టార్టర్‌ను కూడా మృదుల పెట్టెకే వదిలేసింది. ఖాజా మృదుల వైపు చూశాడు. ఆమె చేత్తో ఆగమంది.

క్లచ్ దిగింది. బ్రేకు పెడల్ పైకి లేచింది. కారు ఇంజన్ లేకుండానే వాలు మీద కదిలింది. గేటు దాటి వీధిలోకి తిరిగింది. బ్రేకు దిగింది. కారు ఆగింది.

సౌజన్య పక్కన తలుపులో లాక్ తెరుచుకున్న చప్పుడు వచ్చింది.

ఖాజా స్విచ్ మీద వేలు పెట్టాడు. ఇక్కడికే అయిపోయినట్టుంది అన్నాడు.

"ఆగన్నా."

ఆమె అప్పటికే స్టాప్‌వాచ్ నొక్కింది. ఘాట్ కోసం తెచ్చింది, ఎందుకు నొక్కిందో తర్వాత చెప్పలేకపోయింది. బ్రేకు పెడల్ కిందనే ఉంది. ఖాజా పాదాలు నేల మీద ఆనించి ఉన్నాయి. వీధిలో పాలవాడు మోటార్‌సైకిల్ ఆపి చూశాడు. నలభై సెకన్లకు లాక్ మూసుకుంది. పెడల్ లేచింది.

ఇంటి గోడ పక్కన, వీధిలో, డ్రైనేజీ మూత ఒకటి ఉంది. అది అంచులో సరిగా కూర్చోదు. నీళ్ల ట్యాంకర్ ఎక్కితే ఠంగుమంటుంది. దానికి సరిగ్గా పైన పాప పడుకునే గది కిటికీ. ఇంజన్ లేని కారు స్టీరింగ్ బరువుగా ఉంటుంది. పెట్టె మోటార్ల మూలుగు లోపల వినపడింది. స్టీరింగ్ కుడికి తిరిగింది. కుడి చక్రాలు ఎదురింటి ర్యాంపు అంచు మీదికి ఎక్కి దిగాయి. ఎడమ చక్రాలు మూతకు జానెడు దూరంలో పోయాయి. మూత కదల్లేదు.

సౌజన్య చేతిలోని కెమెరా ఒళ్లోకి దిగింది. అప్పటినుంచి లైవ్‌లో కనపడింది ఆమె మోకాలు, స్టాప్‌వాచ్ పట్టుకున్న చేయి.

కారు వాలు మీద 260 మీటర్లు దొర్లింది. రెండు స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటింది. బంకు ముందు, కాశీనాథ్ నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో ఆగింది. అతను చేయి చాచితే తలుపు పిడి అందేంత దూరం.

యాక్సిలరేటర్ పెడల్ కదిలింది. రెండుసార్లు. మూడోసారి సగం దాకా దిగి ఆగింది. స్టార్టర్ ఒకసారి టక్కుమంది, ఇంజన్ తిరగలేదు. పెట్టె మోటార్ల చప్పుడు ఆగిపోయింది. ఖాజా స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. ఏ పట్టూ లేదు.

మృదుల స్కూటర్ ఆపి లాప్‌టాప్ చూసింది. తల అడ్డంగా ఊపింది.

ఖాజా తాళం వెనక్కి తిప్పాడు.

"వాల్వు లేదన్నవు కదా అన్నా," అంది సౌజన్య.

"లేదు చెల్లె."

కాశీనాథ్ తలుపు దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. కారు ప్రతి ఆదివారం ఇలాగే వచ్చేదని చెప్పాడు. చప్పుడు లేకుండా దిగేది, ఈ బంకు దగ్గరే మొదటిసారి స్టార్ట్ అయ్యేది. ఇంజన్ చల్లగా ఉండగా మైకులో మొదటి చప్పుడు బాగా పడాలని అన్న అట్ల చేస్తున్నడని తను అనుకున్నాడు. తనను ఎవరూ అడగలేదు.

"మూత సంగతి?" అని అడిగింది ఆమె.

ఏ మూత అన్నాడు కాశీనాథ్.

అతను ఘాట్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కారు రాదని చెప్పాడు. రోడ్డు మూయలేదు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల లెక్క నిజమో కాదో తేల్చే మార్గం ఇక లేదని చానల్‌లో రాశాడు. విజయవాడ అతను అదే రోజు సాయంత్రం ఇంకో వీడియో పెట్టాడు. ఖాజా కారును తోసుకుంటూ బంకు పక్కన నీడలో పెట్టి, లారీ కోసం ఫోన్ చేశాడు. సౌజన్య నడిచి ఇంటికి వెళ్లింది. దారిలో మూత దగ్గర ఆగి, దాని మీద చెప్పుతో ఒకసారి తొక్కి చూసింది. ఆమె పైకి వెళ్లేసరికి 6.05. పాప ఇంకా లేవలేదు.

ఆ ఉదయం వీడియోను కాశీనాథ్ సోమవారం పెట్టాడు. నిడివి రెండు నిమిషాల పదకొండు సెకన్లు. అతను ఏమీ కత్తిరించలేదు. మొదటి కామెంట్: 'సౌండ్ ఏది బ్రో?' దాని కింద పదహారు వందల జవాబులున్నాయి. ఒరిజినల్ ఉంచాల్సిందన్న జట్టు, ఖాజా జట్టు రెండూ అందులో ఉన్నాయి. కొందరు తమ ఇళ్ల ముందు వీధి వాలు ఎంతో రాశారు. 'అన్న కోసం' ఆదివారాలు ఆగిపోయాయి.

మృదుల సెప్టెంబరు 3న కాలేజీకి నివేదిక ఇచ్చింది. అనుమతి లేకుండా పెట్టె అమర్చిన సంగతి మొదటి పేజీలో రాసింది. ఒక ప్రతి సౌజన్యకు పంపింది. పెట్టె తనను తాను సరిచూసుకోవడానికి, తాళం తిప్పిన మొదటి అయిదు నిమిషాలు మాత్రం అంకెలుగా విడిగా రాసుకుంటుంది. తాళం, బ్రేకు, తలుపులు, అంతే. కణాల పొర చచ్చినా ఆ అంకెలు చెరగవు. వినీల్ బతికి ఉండగా అందులో ఉన్నవి అరవై ఒక్క ఆదివారాలు.

నివేదిక నాలుగో పేజీలో పట్టిక ఉంది. అరవై ఒక్కసార్లూ ఇంటి దగ్గర ఇంజన్ స్టార్ట్ కాలేదు. అరవై ఒక్కసార్లూ గేటు దాటగానే బ్రేకు పడింది. అన్నిటికన్నా తక్కువ ముప్పై ఎనిమిది సెకన్లు, ఎక్కువ నలభై మూడు. ఆ సమయంలో ప్రతిసారీ ఎడమ తలుపు లాక్ తీసి ఉంది. బంకు దగ్గరికి చేరేదాకా ఆ తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.